ఆ గుండు మొక్కు కాదు

పోయిన ఏడాది చివర్లో చీపురుపల్లి బజారులో నా గురించి ఒక మాట తిరిగింది. దేవుడికి, మొక్కులకి, ముహూర్తాలకి వ్యతిరేకంగా జీవితమంతా వ్యాసాలు రాసిన శారదా టీచరు ఆఖరికి సింహాచలం అప్పన్నకి తలనీలాలు ఇచ్చిందట. కొందరు జాలిపడ్డారు. కొందరు తామే గెలిచినంత సంతోషించారు.

ఆ మాట అబద్ధం. నా జుట్టు తీసుకున్నది అప్పన్న కాదు, విశాఖపట్నంలో ఒక ఆసుపత్రివాళ్లు నా నరంలోకి ఎక్కించిన ఎర్ర మందు. నాకు వచ్చింది లింఫోమా. శోషరస వ్యవస్థకు వచ్చే కేన్సరు. ప్రస్తుతం ఒంట్లో ఎక్కడా కనిపించడం లేదని డాక్టర్లు అంటున్నారు.

నా పరువు కాపాడుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ అబద్ధం నా తల మీదే ఆగిపోయి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని. అది ఇంకో మనిషి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ సంగతి చెప్పాలి.

జూన్

బడులు తెరిచిన వారం. నేను రిటైరై ఇంట్లో ఉన్నా ఆ వారం నా ఒళ్లు పెందలాడే లేచి కూర్చుంటుంది. తల దువ్వుకుంటూ జడ ముందుకు వేసుకుంటే మెడకి ఎడమ పక్క, భుజం ఎముక మొదలయ్యే చోట, ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నొక్కితే కొంచెం కదిలింది. నొప్పి లేదు.

మా అత్తకి చూపించాను. అత్త అంటే నాకు మేనత్త కూడా, మా నాన్నకి అక్క. మేనరికాలు వద్దని నేను రాసిన వ్యాసం ఒకటి ఉంది. అది మేనబావని పెళ్లి చేసుకున్న తరవాత రాసింది. అందుకే మా ఆయన్ని ఇప్పటికీ బావ అనే పిలుస్తాను.

అత్త వేలితో నొక్కి చూసింది. ‘‘బిళ్ల కట్టిందే గుంటా. కాలికేటైనా దెబ్బ తగిలిందేటి?’’

‘‘కాలికి తగిలితే గజ్జల్లో కడతాది గానీ మెడ మీదెందుకు కడతాది అత్తా?’’

‘‘అయితే తల్లో ఏదో పుండున్నాది. బెల్లం, సున్నం కలిపి ఎట్టు. నొప్పి లేదు కదా, ఇంక భయమేటి?’’

ఆవిడ మాటల్లో సగం శాస్త్రమే. గాయమైతే దాని దగ్గరలో ఉన్న శోషరస గ్రంథి వాస్తుంది. లోపలికి చొరబడ్డ క్రిములతో అది పోట్లాడుతోందన్నమాట. అలాంటి బిళ్లకి నొప్పి ఉంటుంది, గాయం మానితే అదీ మానుతుంది. తేడా అంతా ఆ నొప్పిలోనే ఉంది. నొప్పి లేదు కాబట్టి భయం లేదని మన ఇళ్లలో అందరూ అనుకుంటారు. నొప్పి లేకుండా నెలల తరబడి మెడలోనో చంకలోనో గజ్జల్లోనో కూర్చున్న గడ్డనే అనుమానించాలి. ప్రతి గడ్డా కేన్సరు కాదు. కానీ ఏ గడ్డ ఏమిటో బెల్లమూ సున్నమూ చెప్పలేవు.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. రక్త ప్రసరణ పాఠం చివర శోషరసం గురించి ఒక పేరా ఉంటుంది. ఒళ్లంతా సన్నటి నాళాలు, వాటి మీద అక్కడక్కడ పూసల్లాంటి గ్రంథులు, వాటిలో కాపలా కాసే తెల్ల కణాలు. పరీక్షలో అడగరని పిల్లలూ, పోర్షన్ అవగొట్టాలని నేనూ ఏటా ఆ పేరా మీదుగా గబగబా దాటిపోయేవాళ్లం. ఇప్పుడా పేరా వచ్చి నా మెడ మీద కూర్చుంది. కాపలా కాయాల్సిన కణమే అదుపు తప్పి పెరుగుతూ పోతే అదే లింఫోమా.

ఆ నెలంతా ఒళ్లు దురద. తెల్లారేసరికి దిండు తడిసిపోయి ఉండేది. జాకెట్లు వదులయ్యాయి. పక్కింటావిడ ‘‘సన్నబడ్డారు టీచరమ్మా, ఏటి తింటన్నారు?’’ అని మెచ్చుకోలుగా అడిగింది.

ఆగస్టు

మొదట చూసిన డాక్టరు మంచివాడే. గడ్డ చూసి, ‘‘మన పక్క మెడ గడ్డలంటే చాలావరకు టీబీయేనమ్మా. మాత్రలు మొదలెట్టేద్దాం’’ అన్నారు.

‘‘ఏ పరీక్షలో తేలిందండీ?’’

‘‘అనుభవంతో చెప్తున్నాను.’’

‘‘అనుమానించడానికి అనుభవం చాలండి. తేల్చడానికి ముక్క తీసి చూడాలి కదా?’’

బావ బల్ల కింద నా చెయ్యి గిల్లాడు. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి. బయటికి వచ్చాక, ‘‘డాక్టర్లతో కూడా డిబేట్లేటే? ఆయన చదువేటి, నీ చదువేటి?’’ అన్నాడు.

ఆ డాక్టరు అనుమానం తప్పు కాదు. మన జిల్లాల్లో టీబీ చాలా ఎక్కువ. ఆయన నా మాటకి కోపగించుకోకుండా గడ్డలోంచి ముక్క తీయించమని విశాఖకి చీటీ రాసిచ్చారు. అందుకు ఆయనకి రుణపడి ఉన్నాను. కానీ చదివే మీకు ఒకటే చెబుతాను. తెల్ల కోటు వేసుకున్నవారు చెప్పినా, కాషాయం కట్టుకున్నవారు చెప్పినా ఋజువు అడగండి. మర్యాదగా అడగండి, కానీ అడగండి.

ముక్క తీయిస్తారనేసరికి వీధిలో కొత్త భయం మొదలైంది. ‘‘కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతాది’’ అని చెప్పని మనిషి లేరు. చేతకాని భయానికి శాస్త్రం ముసుగు వేస్తే ఇలా ఉంటుంది. గడ్డ కోసినందుకు ఈ జబ్బు పాకదు. కోయకుండా చూస్తూ కూర్చుంటే ఏ మందు వేయాలో ఎవరికీ తెలియదు. ఈ జబ్బులో ఎన్నో రకాలున్నాయి, రకాన్ని బట్టే మందు.

ముక్క తీశాక, ఫలితం చెప్పే రోజు విశాఖ ఆసుపత్రి హాల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఎవరి పేరు పిలిచినా హాల్లో సగం మంది లేచి నిలబడేవారు. బావ అస్తమానూ వాచీ చూసుకుంటున్నాడు. ‘‘బండి లేటయినట్టుంది’’ అని తనలో తనే అనుకున్నాడు. రైలు లేటయితే ఎవరినో ఒకర్ని తిట్టుకోవచ్చు. అక్కడ తిట్టుకోవడానికి కూడా ఎవరూ లేరు.

లోపలికి వెళ్లగానే డాక్టరు నా వైపు చూడకుండా బావతో, ‘‘అమ్మగారిని కాసేపు బయట కూర్చోబెడతారా?’’ అన్నారు.

‘‘గడ్డ నా మెడ మీద ఉందండి’’ అన్నాను.

ఆయన మళ్లీ బావ వైపే చూశారు. బావ గొంతు సవరించుకుని, ‘‘ఆవిడకే చెప్పండి సార్. నాకు చెప్తే నేను ఆవిడకి సరిగ్గా అప్పజెప్పలేను’’ అన్నాడు.

మా పెళ్లయిన ఇన్నేళ్లలో బావ నాకు చేసిన మేలు ఇంతకంటే పెద్దది లేదు. డాక్టరు కుర్చీ నా వైపు తిప్పుకుని పేరు చెప్పారు. ఏ రకమో చెప్పారు, ఎంతవరకు వచ్చిందో చెప్పారు, మందులకి లొంగే రకమని చెప్పారు. నేను ప్రశ్నలు వేశాను.

హేతువాదికి భయం ఉండదని ఎవరైనా అనుకుంటారేమో. ఉంటుంది. తిరుగు రైల్లో సింహాచలం కొండ పక్కనుంచి బండి వెళుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు చేతులు జోడించారు. మొదటిసారి వాళ్లని చూసి నాకు కోపం రాలేదు. వాళ్ల చేతులకి ఒక పని ఉంది. నా చేతులకి లేదు. బావ చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికి వచ్చి అత్తకి చెప్పాను. ఆవిడ గబుక్కున వెళ్లి వీధి తలుపు వేసి వచ్చింది. ‘‘ఆ మాట ఇంట్లో అనకే. గడ్డ అను. పెద్దరోగమను. ఆ పేరు మాత్రం అనకు. తెలిస్తే మన గడపలో మంచినీల్లు తాగరు జనం.’’

‘‘అది అంటుకునే జబ్బు కాదత్తా.’’

‘‘నాకు సెప్తావేటి? ఊరికి సెప్పు.’’

ఊరికి చెప్పాలనే ఉంది. అప్పటికి శక్తి లేదు.

సెప్టెంబరు

మందు ఎక్కించే గదిలో వరసగా వాలుకుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక సీసా వేలాడే కమ్మీ. మొదటి రోజు నా నరం దొరకలేదు. సిస్టరు వేడి నీళ్లలో తడిపిన గుడ్డ చేతికి చుట్టి, అది చల్లారేదాకా తన కూతురి అల్లరి గురించి చెప్పుకొచ్చింది. ఏ మందుల పుస్తకంలోనూ రాయని వైద్యం అది. తరవాత సీసా మార్చి ఎర్ర మందు పెట్టింది. చిన్నప్పుడు బండి మీద అమ్మిన గులాబీ షర్బతు రంగు.

ఆ మందుకి కేన్సరు కణమేదో, మంచి కణమేదో తెలియదు. దానికి తెలిసింది ఒకటే, గబగబా పెరిగేదాన్ని చంపడం. అందుకే కేన్సరుతో పాటు జుట్టు మొదళ్లూ, నోటి పొరా కూడా దాని దెబ్బ తింటాయి. నోరు పూసింది. అన్నం ఇనుము రుచి వచ్చింది. అత్త చోళ్లు, అంటే రాగులు, నానబెట్టి, రుబ్బి, పలచగా అంబలి కాచి చల్లార్చి గ్లాసులో పోసి ఎదురుగా కూర్చునేది. ‘‘తాగు. తాగవేటి? నా చేతిలో గరిటున్నాది సూసేవా?’’ ఆ అంబలీ, ఆ గరిటె భయమూ లేకపోతే ఆ నెల నేను లేచి తిరిగేదాన్ని కాదు.

తరవాత జుట్టు. దువ్వెనకి పాయలు పాయలుగా వచ్చేసింది. పెరట్లో కుర్చీ వేయించుకుని బావని గెడ్డం గీసుకునే సరంజామా తెమ్మన్నాను.

‘‘నా చేతులు వణుకుతాయే’’ అన్నాడు.

‘‘పచ్చ జెండా ఊపేటప్పుడు వణికేవేటి?’’

నవ్వాడు. కత్తెరతో కత్తిరించి, నురగ రాసి, జాగ్రత్తగా గీశాడు. నా నడినెత్తి మీద పుట్టుమచ్చ ఉందని ఆరోజే మా ఇద్దరికీ తెలిసింది. గీయడం అయ్యాక తడి తువ్వాలు నా తల మీద ఉంచి చెయ్యి తీయకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను వెనక్కి తిరగలేదు. ఆయన ఏడవడానికి అంత చోటు ఇవ్వడం నా వంతు.

ఇంతలో అత్త ఒక పసుపు గుడ్డ పట్టుకొచ్చి నేల మీద పడ్డ జుట్టంతా ఏరడం మొదలుపెట్టింది.

‘‘ఎందుకత్తా?’’

‘‘నీకు తగ్గితే నీ జుట్టు అప్పన్నకిస్తానని మొక్కుకున్నానే. నువ్వు కొండెక్కవని తెలుసు. ఆయనే ముందు తీసీసుకున్నాడు.’’

‘‘అది మందుకి రాలిందత్తా.’’

‘‘మందుకే. ఎవరు కాదన్నారు? మూట మాత్రం నాది.’’

వాదించే ఓపిక లేక ఊరుకున్నాను. ఆవిడ మూట కట్టి దాచుకుంది.

అక్టోబరు

పైడితల్లి పండగ రోజులు. విజయనగరం వెళ్లే బళ్లన్నీ కిటకిటలాడుతున్నాయి. మందుకీ మందుకీ మధ్య ఒళ్లు కాస్త తేలికగా ఉన్న ఒక ఉదయం అత్తతో కూరలకి బజారుకెళ్లాను. తల మీద చెంగు జారింది. వంకాయలు తూస్తున్న ఆవిడ చూసేసింది.

‘‘సింహాచలమెల్లేరేటి టీచరమ్మా?’’

నేను నోరు తెరిచేలోపు పక్కనున్న అత్త అందుకుంది. ‘‘అవునే, మొక్కున్నాది.’’

అంతే. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. నాతో పాటు బళ్లో పనిచేసి, పదవీ విరమణ దాకా స్టాఫ్ రూములో నాతో దేవుడి గురించి పోట్లాడిన తెలుగు పండితులు ఒకరు ప్రసాదం పట్టుకుని ఇంటికొచ్చారు. ఆయన మొహంలో గెలుపు లేదు, సంతోషం ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నిజం చెప్పేద్దామనుకున్నాను. అత్త వంటింటి గుమ్మంలోంచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఎనభై దాటిన మనిషి. ప్రసాదం పళ్లెంలో పెట్టుకుని థాంక్స్ చెప్పాను.

ఆసుపత్రిలో మాకు అప్పలస్వామి పరిచయమయ్యాడు. గజపతినగరం పక్కన పల్లెటూరు, మెట్ట రైతు. చోళ్లు, గోగు పండిస్తాడు. నలభై ఏళ్లుంటాయి. వాళ్ల బండి, మా బండి విజయనగరంలో కలిసేవి, అక్కణ్నుంచి అందరం ఒకే పెట్టెలో వెళ్లేవాళ్లం. అతనికీ మెడ మీదే గడ్డ. నాకిచ్చే మందులే అతనికీ ఇచ్చేవారు. తేడా ఒకటే. అతనికి తన జబ్బు పేరు తెలియదు. ‘మెడ గడ్డకి సూదులు’ అని ఇంట్లోవాళ్లు చెప్పారు. అక్కడి బోర్డు ఇంగ్లీషులో ఉంది. అతని భార్య పైడమ్మ మొదటి రోజే నన్ను పక్కకి లాగి, ‘‘మా మావకి పేరు సెప్పొద్దమ్మా, మీ కాల్లట్టుకుంటాను’’ అంది.

కుర్చీల్లో పక్క పక్కన కూర్చుంటే అతను నవ్వించేవాడు. సీసా చూపించి, ‘‘సుక్క సుక్కా పడతాది టీచరమ్మా. మా సేలో డ్రిప్పు ఎట్టమంటే అదికార్లు ఎట్టలేదు గానీ, నాకు మాత్రం ఎట్టీసేరు’’ అనేవాడు.

బావకి జ్వరమొచ్చి ఒకసారి నా వెంట అత్త వచ్చింది. ఎదురుచూసే హాల్లో అప్పలస్వామి పక్కన కూర్చుంది. అప్పటికి నా గడ్డ చేతికి తగలకుండా కరిగిపోయింది. అతను అడిగాడు, ‘‘ఏటి మామ్మా, టీచరమ్మకి ఎలా తగ్గిందేటి?’’

అత్త ఊరికి చెప్పినదే అతనికీ చెప్పింది. ‘‘అప్పన్నకి జుట్టిచ్చింది. ఇచ్చిన కాణ్నుంచి కరగడం మొదలెట్టింది.’’

నేను లోపల సూది చేతికి పెట్టించుకుని కూర్చున్నాను. ఆ మాట నాకు అప్పుడు తెలియదు.

నవంబరు

ఆ నెల మందు వేసే రోజున అప్పలస్వామి రాలేదు. సిస్టరు నన్ను అడిగింది. ‘‘మీ బండిలోనే వస్తాడు కదమ్మా, ఏమైంది? మధ్యలో ఆపకూడదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.’’

ఇంటికొచ్చి నేను చేస్తే పైడమ్మ ఎత్తింది. ఆవిడ గొంతులో భయమూ సంతోషమూ కలిసి ఉన్నాయి. ‘‘గడ్డ కరిగిపోనాదమ్మా. ఉన్న నాలుగెంట్రుకలూ అప్పన్నకిచ్చీసి వచ్చీసేడు. ఇంక సూదులొద్దంటన్నాడు. మీకూ అలాగే తగ్గిందట కదా? మీ అత్తగారే సెప్పేరు.’’

ఫోన్ పెట్టేసి అత్త వైపు చూశాను. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆవిడే అడిగింది, ‘‘ఏటైంది?’’ చెప్పాను. ఈ జబ్బులో గడ్డ కరగడం సగం దారి మాత్రమేనని, కంటికి కనపడని కణాలు లోపల ఉంటాయని, ఇప్పుడు ఆపితే మళ్లీ లేస్తుందని, రెండోసారి లేచినది ఇంత సులువుగా లొంగదని చెప్పాను. అత్త పసుపు గుడ్డ మూట దాచిన బీరువా వైపు ఒకసారి చూసింది. ‘‘బండెప్పుడున్నాదిరా?’’ అని కొడుకుని అడిగింది.

ముగ్గురం గజపతినగరం వెళ్లి అక్కణ్నుంచి ఆటోలో ఆ ఊరు చేరాం. కంచె మీద గోగునార ఆరేసి ఉంది. పైడమ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది. ‘‘లోపలున్నాడమ్మా. రండి, కాఫీ తాగండి. కానీ ఆ పేరు అనకండి. తెలిస్తే గుండాగిపోతాది.’’

మా నాన్న మా ఊరి గ్రంథాలయంలో వాదాలు పెట్టేవాడు. ఒక పక్క వాదించి నెగ్గాక నన్ను ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి రెండో పక్క కూడా వాదించమనేవాడు. ఆ గుమ్మంలో నిలబడే, మనసులో పైడమ్మ కుర్చీలో కూర్చుని చూశాను. భర్త పోతాడేమోనని వణుకుతున్న ఆడమనిషి. ఆమె చేతిలో ఉన్న రక్షణ ఆ ఒక్క దాపరికమే. దాన్ని లాక్కునే హక్కు నాకెవరిచ్చారు? ఇటు చూస్తే, తన ఒంట్లో ఏముందో తెలుసుకునే హక్కు అతనికి లేకుండా చేసింది ఎవరు?

నేనింకా తూస్తూనే ఉన్నాను. అత్త నన్ను దాటుకుని లోపలికి వెళ్లి మంచం మీద అతని పక్కన కూర్చుంది.

‘‘ఒరే అప్పలస్వామీ, ఇటు సూడు. నేన్నీకో అబద్ధం సెప్పేన్రా.’’

‘‘ఏటి మామ్మా?’’

‘‘దీని జుట్టు అప్పన్న తియ్యలేదు. మందుకి రాలిపోతంటే నా కొడుకు గీసీసేడు. ఇది కొండెక్కనేలేదు. మొక్కుకున్నది నేను. గడ్డ కరిగింది మందుకి. దీనికొచ్చింది కేన్సర్రా. నీకూ అదే.’’

తలుపు వేసి మరీ ఆ పేరు అనొద్దన్న మనిషి ఆవిడ.

పైడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి జారబడి కూర్చుంది. అప్పలస్వామి ఆమె వైపు చూశాడు.

‘‘నీకు తెలుసేటే?’’

‘‘తెలుసు మావా.’’

‘‘మరి సెప్పలేదేటి?’’

‘‘సెప్తే సచ్చిపోతావని.’’

‘‘సెప్పకపోతే సావనేటి?’’

పైడమ్మ తల దించుకుంది. కాసేపటికి అతనే బోడి తల నిమురుకుంటూ నా వైపు తిరిగాడు. ‘‘నాకు అనుమానమేనమ్మా. అక్కడ కూకున్నోల్లెవరికీ జుట్టు లేదు. ఇంతమందికి ఒకేసారి మొక్కులుంటాయేటి?’’

బావ నవ్వు ఆపుకోలేకపోయాడు. పైడమ్మ ఏడుస్తూనే నవ్వింది.

‘‘మరి ఎందుకు మానేశావు అప్పలస్వామీ?’’ అని అడిగాను.

‘‘భయమేసింది. మళ్లీ ఎల్తే ఎవరో ఒకలు ఆ పేరు సెప్పీస్తారని. మామ్మ మొక్కు కత సెప్తే, పోన్లే, అదే నిజమనుకుందారి అనిపించింది.’’

నేను మూఢనమ్మకం మీద చాలా రాశాను. ఆ మంచం మీద కూర్చున్న మనిషి మూఢుడు కాడు. అతని దగ్గర నిజం దాచి, చేతికి ఒక భయం మాత్రం ఇచ్చి వదిలేశాం. దాన్ని పెట్టుకోవడానికి చోటు లేక అతను కొండకి తీసుకెళ్లాడు. మన ఇళ్లలో ప్రేమతో చేసే ఈ పని మీద నాకు ఇప్పుడు ఏ ముహూర్తం మీదా లేనంత కోపం ఉంది. అయినా పైడమ్మ మీద లేదు.

‘‘గడ్డ కరిగిపోనాది కదమ్మా, ఇంకా సూదులెందుకు?’’ అన్నాడు.

కణాల గురించి, వాటి పెరుగుదల గురించి, ఒక్కో విడతకి కొన్ని చచ్చి కొన్ని మిగలడం గురించి నా జీవశాస్త్రమంతా చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. చివర్లో, ‘‘అంటే తుంగేనన్నమాట’’ అన్నాడు. ‘‘పైపైన కోసీస్తే సేను సుబ్బరంగా అగుపిస్తాది. మట్టిలో గడ్డలుండిపోతాయి. ఒక్క వాన పడితే మల్లీ లేస్తాది.’’

‘‘అంతే.’’

‘‘ఈ ముక్క ముందే సెప్తే మానీసేవోన్నా?’’

ఆ వారమే ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు కోప్పడి, పరీక్షలు చేయించి, ఆలస్యమైనా మొదలుపెట్టారు. అతని పక్క కుర్చీలో పైడమ్మ కూర్చుంది, దాచడానికి ఏమీ లేని మనిషిలాగా.

ఆరోజు వాళ్ల ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్త, ‘‘అప్పన్న ఏటనుకుంటాడో’’ అంది.

‘‘నిజం చెప్పినందుకు ఏమీ అనుకోడు అత్తా.’’

‘‘ఆయన సంగతి నువ్వు సెప్తావేటే?’’ అని కసిరింది.

మర్నాడు వంకాయలు తూసే ఆవిడ దగ్గరికి తనే వెళ్లి చెప్పొచ్చింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఎదురింటివాళ్లు కొన్నాళ్లు మా ఇంటికి రావడం మానేశారు. ఎక్కువమంది వచ్చారు. పండితులు కూడా వచ్చి కాసేపు కూర్చున్నారు. ‘‘అయితే మీరు ఓడిపోలేదన్నమాట’’ అన్నారు.

‘‘లేదండి.’’

‘‘మంచిది. మీరు ఓడిపోతే నాకు పొద్దుపోదు’’ అని, మంచినీళ్లు అడిగి గ్లాసు పూర్తిగా తాగి వెళ్లారు. ఆ గ్లాసు ఆయన ఎందుకు అడిగారో నాకు తెలుసు.

మార్చి

నా మందులు కొత్త సంవత్సరానికి అయిపోయాయి, అప్పలస్వామివి ఆ తరవాత. ఇద్దరి స్కానూ ఒకే రోజు చూపించుకున్నాం. ‘ఇప్పటికి ఎక్కడా కనిపించడం లేదు, విడవకుండా చూపించుకుంటూ ఉండాలి’ అన్నారు డాక్టరు. ఆ ‘ఇప్పటికి’ అనే మాటతో బతకడం నేర్చుకుంటున్నాను. ఆలోచిస్తే అందరి బతుకూ ఆ మాట మీదే నడుస్తోంది. మాకు ఎవరో పైకి చెప్పారు, అంతే.

తిరుగు బండిలో నేను, అత్త, బావ, అప్పలస్వామి, పైడమ్మ. నా తల మీద వేలెడు కూడా లేని కొత్త జుట్టు. కాస్త ఉంగరాలు తిరుగుతోంది, నా పాత జుట్టుకి ఆ అలవాటు లేదు. సింహాచలం కొండ కనబడగానే అత్త చేతులు జోడించింది, అప్పలస్వామీ జోడించాడు. నేను కిటికీలోంచి జీడిమామిడి చెట్లు చూస్తున్నాను.

కొత్తవలసలో దిగాల్సిన ఒకావిడ ఎదురుగా కూర్చుంది. నా తల చూసి ఆప్యాయంగా నవ్వింది. ‘‘మొక్కు తీర్చుకున్నారేటమ్మా?’’

అలవాటుగా అందరం అత్త వైపు చూశాం. ఆవిడ నోరు తెరిచేలోపు అప్పలస్వామి అందుకున్నాడు, పెట్టె అంతా వినబడేలా.

‘‘కాదమ్మా, కేన్సరు. టీచరమ్మకీ, నాకూనూ. మెడ మీద గడ్డలొచ్చేయి. మందులేయించుకున్నాం, తగ్గింది.’’

పెట్టెలో తలలన్నీ మా వైపు తిరిగాయి. పైడమ్మ తల దించుకోలేదు. అత్త సర్దుకుని కూర్చుని, ‘‘మందులకే తగ్గింది. జుట్టు మాత్రం అప్పన్నే తీసుకున్నాడు’’ అంది.

ఆ చివరి మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఇంటికెళ్లాక తేల్చుకుందామని అత్త వైపు ఒక చూపు చూశాను. కానీ ఎదుటావిడ మా ఇద్దరినీ చూడటం లేదు. ఆవిడ చెయ్యి మెల్లగా చెంగు కిందికి, కుడి పక్క మెడ మీదికి వెళ్లి ఒకచోట ఆగింది.

‘‘అది నొప్పుంటాదేటమ్మా?’’ అని అడిగింది.

‘‘ఉండదు’’ అన్నాం, నేనూ అత్తా అప్పలస్వామీ, ఒక్కసారే.